ద్రీనా ఇవతలి ఒడ్డు: హాండ్కె గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

2019 డిసెంబర్ 10న, స్టాక్‌హోంలో ఆస్ట్రియా రచయిత పీటర్ హాండ్కె సాహిత్య నోబెల్ అందుకున్నాడు. తొంభైల బోస్నియా యుద్ధం గురించి సెర్బుల పక్షాన రాశాడని ఆయన మీద గొడవ. బోస్నియా, కొసొవో, అల్బేనియా, క్రొయేషియా, టర్కీ రాయబారులు రామన్నారు. బహుమతి ఇచ్చే స్వీడిష్ అకాడమీలోనే సభ్యుడైన పీటర్ ఎంగ్లుండ్ కూడా ఆ వారం వేడుకలకు మొహం చాటేశాడు. ఎంగ్లుండ్ తొంభైల్లో బాల్కన్ యుద్ధాన్ని దగ్గర్నుంచి చూసి రాసిన విలేకరి.

ఆస్ట్రియా, అరవైల నాటకాలు, తల్లి గురించి రాసిన పుస్తకం, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం. ఈ గొడవ చెప్పేవాళ్లు చాలామంది 2006లో మొదలుపెడతారు, సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ అంత్యక్రియల్లో మాట్లాడాడు కదా అని. ఫొటోలున్నాయి కాబట్టి అది అందరికీ గుర్తు. నా లెక్కలో అసలు మలుపు దానికి పదేళ్ల ముందే వచ్చింది.

1996 జనవరి. బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణంలో 8,000 మందికి పైగా ముస్లిం మగవాళ్లను, కుర్రాళ్లను బోస్నియా సెర్బుల సైన్యం చంపి ఆర్నెల్లే అయింది. మ్యూనిక్ పత్రిక జ్యూడ్‌డాయిచె ట్సైటుంగ్ రెండు వారాంతాల్లో హాండ్కె యాత్రావ్యాసం వేసింది, ‘సెర్బియాకు న్యాయం’ అని. అందులో సంత ఉంటుంది. అడవి రంగు తేలిన తేనె జాడీలు, టర్కీ కోళ్లంత సూపు కోళ్లు, మరో రకం పసుపుతో మెరిసే నూడుల్స్ చుట్టలు. వాక్యాలు బాగుంటాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఆంక్షల్లో ఉన్న సెర్బియాలో మామూలు మనుషులు కనబడతారు, అది నిజమే, ఎవరో ఒకరు రాయాల్సిందే. ఆ తర్వాత సెర్బియా పట్టణం బాయినా బాష్తా దగ్గర, సరిహద్దు నది ద్రీనా ఒడ్డున నిలబడతాడు. అవతల బోస్నియా, స్రెబ్రెనిత్సా ఎంతో దూరం లేదు. నూడుల్స్ రంగు అంత శ్రద్ధగా చూసిన కన్ను, బోస్నియా కాందిశీకుల ఫొటోల దగ్గరికొచ్చేసరికి ఆ బాధ కెమెరా కోసం పెట్టిన పోజేమో అని అనుమానపడుతుంది. అనుమానమంతా ఒక పక్కకే.

అదే ఏడాది ద్రీనా దాటి బోస్నియా పట్టణం విషెగ్రాద్ వెళ్లి ఆ వ్యాసానికి అనుబంధం రాశాడు. అక్కడి హత్యల గురించి ఒక అమెరికన్ విలేకరి రాసిన కథనాన్ని ఎద్దేవా చేశాడు. 2009లో హేగ్‌లోని యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ఆ ఊళ్లో మనుషుల్ని ఇళ్లలో పెట్టి తగలబెట్టిన సెర్బు సాయుధ ముఠా నాయకుడు మిలాన్ లుకిచ్‌కి యావజ్జీవం వేసింది.

విషెగ్రాద్ పేరు గుర్తుపెట్టుకోండి, రచయిత సాషా స్టానిశిచ్ ఊరు అదే. 1992లో పద్నాలుగేళ్లప్పుడు అక్కణ్నుంచి పారిపోయి జర్మనీ చేరాడు, ఇప్పుడు జర్మన్‌లోనే రాస్తాడు. 2019 అక్టోబర్ 14న, అంటే నోబెల్‌కు హాండ్కె పేరు ప్రకటించిన నాలుగు రోజులకి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ బుక్ ప్రైజ్ తీసుకుంటూ, హాండ్కె తన రాతల్లో చెప్పకుండా వదిలేసినదాని నుంచే తాను తప్పించుకుని బతికానన్నాడు.

హాండ్కె పక్షం కూడా చెప్పాలి. స్రెబ్రెనిత్సా ఘోరమైన నేరమని 2006లో ఆయనే రాశాడు, అకాడమీ దాన్నే చూపించింది. తాము సాహిత్యానికే ఇచ్చామని, రాజకీయాలకు కాదని వాళ్ల వాదన. రచన వేరు, రచయిత వేరు అనే ఈ పంచాయితీ మన సభల్లోనూ తెగనిదే. కానీ ఇక్కడ గొడవ పడుతున్నది ఆయన ఇంటర్వ్యూలో నోరు జారి అన్న మాట మీద కాదు కదా, ఏరికోరి చెక్కిన వచనం మీద. దాన్ని సాహిత్యం ఖాతాలోంచి ఎలా తీసేస్తారు? నోబెల్ కమిటీకి బయటి నుంచి తీసుకున్న గున్-బ్రిట్ సుండ్‌స్ట్రోమ్ 2019 డిసెంబర్ మొదట్లో తప్పుకుంది, సాహిత్యం రాజకీయాలకు పైన ఉంటుందనే సిద్ధాంతం తనది కాదని చెప్పి.

బహుమతి అందుకోడానికి ముందు శుక్రవారం ప్రెస్ మీట్‌లో స్రెబ్రెనిత్సా గురించి అడిగితే హాండ్కె జవాబివ్వలేదు. ఎవరో తనకు మలం పూసిన టాయిలెట్ పేపర్ పంపారనీ, ఈ ప్రశ్నల కన్నా అదే నయమనీ అన్నాడు.