మానేసి ఇన్నేళ్ళయినా ఆయన అలా ఎందుకంటాడు?

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరాలన్నీ అందాయి. పరీక్షల గురించి, స్నేహితులతో గొడవల గురించి రాసినవాళ్ళకు విడిగా జవాబిస్తాను. ఈసారి మాత్రం ఉత్తరమంతా ఒక పాప అడిగిన ప్రశ్నకే సరిపోతుంది. ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"తాతయ్యా, మా చర్చి వెనక గదిలో వారానికోసారి తాగుడు మానుకున్నవాళ్ళు కూడుకుంటారు. మర్చిపోయిన బైబిలు కోసం వెళ్తే లోపల ఒకాయన 'నేను తాగుబోతుని' అని చెప్పడం వినబడింది. ఆయన తాగడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. యేసయ్య ఆయన్ని విడిపించాడని అందరం చెప్పుకుంటాం. మరి ఇంకా అలా ఎందుకంటాడు? అబద్ధం కాదా అది?"

ముందు ఒక చిన్న మాట, తల్లీ. ఆయనెవరో నాకు రాయలేదు. మంచి పని చేశావు. ఇంకెవరికీ కూడా చెప్పకు. ఆ గదిలో ఎవరిని చూశామో, ఏం విన్నామో అక్కడే వదిలి రావాలన్నది వాళ్ళ కట్టుబాటు. ఆ నమ్మకం మీదే వాళ్ళు నోరు విప్పుతారు.

ఇక నీ ప్రశ్న. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ వారంలో మీ చర్చి గోడల మధ్య పలికిన మాటల్లో అంతకంటే నిజమైనది ఇంకొకటి ఉందో లేదో! ఎందుకో చెప్పాలంటే లాంతరు సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో కరెంటు లేదు. రాత్రి చదువూ, వంటా, ప్రార్థనా అన్నీ లాంతరు వెలుగులోనే. దాని గాజు చిమ్నీ తుడవడం నా పని. అన్నయ్యల చేతులు అందులో పట్టేవి కావు, నాది సన్నగా ఉండేది. పొద్దు వాలకముందే గాజు తీసి, పాత గుడ్డకు కాస్త బూడిద అద్ది లోపలంతా రుద్ది, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిచేవాణ్ణి. అప్పుడు అమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చుట్టూ తిప్పి చూసేది. నాకు అద్దంలా కనిపించే గాజులో ఆమెకు ఎక్కడో ఒక మరక కనబడేది. "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేది. చూపించాక నాకూ కనబడేది.

ఒకరోజు విసుగొచ్చి అడిగాను. "నిన్ననే కదమ్మా తుడిచాను, మళ్ళీ మసెలా పట్టింది? వత్తి మంచిది కాదా?" అమ్మ అంది: "నిన్న వెలిగింది కాబట్టి పట్టింది నాన్నా. వెలిగినన్నాళ్ళూ పడుతుంది."

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు చాలా ప్రసంగాలకంటే ఆ మాటే ఎక్కువ గుర్తుంటుంది. మసి పట్టినంత మాత్రాన లాంతరు పాడైనట్టు కాదు. కానీ తుడవకుండా వదిలేస్తే, లోపల మంట చక్కగా మండుతూనే ఉన్నా గదిలో చీకటి పడిపోతుంది. అప్పుడు తెలియనివాళ్ళు ఏం చేస్తారో తెలుసా? వత్తి పెంచుతారు. వత్తి పెంచితే పొగ ఎక్కువవుతుంది, పొగతో మసి ఇంకా దట్టమవుతుంది, మళ్ళీ వత్తి పెంచుతారు. విశ్వాసులు చాలామంది ఇలా చేయడం నేను చూశాను. లోపల ఏదో మసకబారిందనిపించగానే ఇంకా గట్టిగా పాడతారు, ఇంకో ఉపవాసం పెట్టుకుంటారు, "ప్రభువా, ఇక జన్మలో ఆ పని చేయను" అని ఇంకో పెద్ద మొక్కుబడి. గాజు తీసి చెయ్యి లోపల పెట్టడం మాత్రం జరగదు.

ఆ గదిలో మనిషి "నేను తాగుబోతుని" అన్నప్పుడు, ఈ రోజు తాగానని చెప్పడం లేదు. నాది మసి పట్టే గాజు, దాన్ని మరచిపోయిన రోజున నా ఇల్లు చీకటవుతుంది అని చెబుతున్నాడు. పౌలు కూడా అంతే. క్రీస్తు పాపులను రక్షించడానికి వచ్చాడని తిమోతికి రాస్తూ, "అట్టి వారిలో నేను ప్రధానుడను" అన్నాడు. దమస్కు దారిలో పడిపోయిన కుర్రవాడి మాట కాదిది. సంఘాలు స్థాపించి, చెరసాలలు చూసి, పెద్దవాడైన అపొస్తలుడి మాట. ఒకప్పుడు అలా ఉండేవాణ్ణని రాయలేదు చూశారా.

ఆ గదుల్లో కూడుకునేవాళ్ళ సహవాసం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే పేరు బయటపెట్టని తాగుబోతులు. అసలు అది ఎలా పుట్టిందో మీకు తెలియాలి. 1935 మే నెల, అమెరికాలో యాక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద న్యూయార్క్ నుంచి అక్కడికి వచ్చాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడింది. హోటల్లో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒక పక్క బారు, అందులోంచి మాటలూ నవ్వులూ. ఇంకో పక్క టెలిఫోను, ఊళ్ళో చర్చిల పేర్ల పట్టిక. ఆయన టెలిఫోను దగ్గరికి నడిచాడు. ఒక పాదిరిగారికి ఫోను చేసి, ఈ ఊళ్ళో నాలాంటి తాగుబోతు ఇంకొకరు ఎవరైనా ఉన్నారా, ఆయనతో మాట్లాడాలి అని అడిగాడు. ఎదుటివాణ్ణి ఉద్ధరిద్దామని కాదు పిల్లలూ. ఇంకొకరితో నిజం చెప్పుకుంటే తప్ప ఆ సాయంత్రం తను నిలబడలేనని ఆయనకు తెలుసు.

అలా మర్నాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ని కలిశాడు. పావుగంట కంటే ఉండనని చెప్పి వచ్చిన డాక్టరు రాత్రి పదకొండు దాటేదాకా కదల్లేదు. అప్పటిదాకా ఆయనకు నీతులు చెప్పినవాళ్ళకు కొదవ లేదు. ఎదురుగా కూర్చుని తన పతనం తాను చెప్పుకున్నవాడు మాత్రం ఇతనే.

నాకు ఇష్టమైన భాగం దీని తరవాతది. డాక్టరుగారు తాగుడు మానారు. కొన్నాళ్ళకు వైద్యుల మహాసభకు ఊరెళ్ళి, మళ్ళీ తాగి ఇంటికొచ్చారు. ఆయన భార్య యానీ గానీ బిల్ గానీ తలుపు మూయలేదు, దగ్గరుండి లేపి నిలబెట్టారు. ఆయన ఒక ఆపరేషన్ చేయాల్సి ఉంది, వెళ్ళి చేశారు. ఆ తరవాత చాలాసేపటిదాకా ఇంటికి రాలేదు. అందరూ హడలిపోయారు. చివరికి తెలిసిందేమిటంటే, అప్పులిచ్చినవాళ్ళనూ తాను నొప్పించినవాళ్ళనూ వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగి, చేసింది ఒప్పుకుని వచ్చారట. ఆ రోజునుంచి మళ్ళీ ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా ఇప్పటికీ పాటించే 1935 జూన్ 10 ఆ డాక్టరు చివరిసారి తాగిన తేదీ. మొదటి కలయిక గొప్పగా జరిగిన రోజును వదిలి, పడినవాడు లేచిన రోజును పుట్టినరోజు చేసుకున్నారు.

ఇది చదివినప్పుడల్లా నా చిన్నప్పటి సంఘంలో ఒకాయన గుర్తొస్తాడు. మంచి గొంతు ఆయనది. తాగుడు మానేశానని ఒక ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రాలు చెప్పారు, పెద్దలు చేతులు పట్టుకున్నారు. కొన్నాళ్ళకు ఆయన కూర్చునే చోటు ఖాళీ అయింది. మళ్ళీ తాగాడని గుసగుసలు. మళ్ళీ ఒక్క ఆదివారం కూడా రాలేదు. ఆయన ఇంటికి ఎవరైనా వెళ్ళారా అని నేను మా నాన్నను అడిగితే, నాన్న జవాబు చెప్పలేక తల దించుకున్నాడు. మా సంఘంలో గెలిచినవాడు నిలబడి మాట్లాడే చోటు ఉంది. ఓడి వచ్చినవాడు కూర్చునే చోటు లేదు. యాకోబు పత్రికలో "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని ఉన్న మాట మాకందరికీ కంఠతా వచ్చు. కంఠంలోనే ఉండిపోయింది.

యాక్రన్‌లో మొదట కూడుకున్నవాళ్ళు ఎక్కువగా చదివింది ఏమిటో తెలుసా? ఆ యాకోబు పత్రికే. దానితోపాటు కొండమీద ప్రసంగం, ప్రేమ గురించి కొరింథీయులకు రాసిన పదమూడో అధ్యాయం. తాగుడు మానడానికి వాళ్ళు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లు 1939లో పుస్తకంగా వచ్చాయి. ఈ రోజు ఆ గదుల్లో అన్ని మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ కూర్చుంటారు. అందుకని కొందరు విశ్వాసులు వాళ్ళను తక్కువ చేసి మాట్లాడటం విన్నాను. నాకది బాధగా ఉంటుంది. మన ఇంట్లోంచి వెళ్ళిన దీపాన్ని వాళ్ళు రోజూ తుడుచుకుని వాడుకుంటున్నారు. మనమే అటకమీద పెట్టేశాం.

మేం తాగం కదా, మాకెందుకివన్నీ అంటారేమో. మీలో ఒక బాబు రాశాడు, ప్రతి ఆదివారం తమ్ముణ్ణి కొట్టనని ప్రార్థన చేస్తాడట, సోమవారమే కొడతాడట. ఇంకో అమ్మాయి ఫోను పక్కన పెట్టాలనుకుంటూనే అర్ధరాత్రి దాకా చూస్తుందట. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్న పౌలు మాట మీకు వివరించి చెప్పాల్సిన పనేముంది! జన్మంతా చేయను అనే ప్రమాణం మానండి. ఆ గదిలో వాళ్ళు ఈ ఒక్క రోజుకే అంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అనే ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం కూడా, రేపటికి దాచుకుంటే పురుగు పట్టింది. కృప కూడా రోజుది రోజుకే ఇస్తాడు, రోజూ ఇస్తాడు.

పడుకునే ముందు కాస్త నిశ్శబ్దంగా కూర్చుని, ఇవాళ ఎవరితో కోపంగా మాట్లాడాను, ఎక్కడ నిజం దాచాను, ఎందుకు భయపడ్డాను అని చూసుకోండి. మంచి జరిగింది కూడా చూడండి, గాజులో శుభ్రంగా ఉన్న భాగం కూడా గాజే. ఆ తరవాత అది ఎవరో ఒకరికి చెప్పండి. దేవునికి చెప్పాను కదా, చాలదా అనకండి. అమ్మ గాజు ఎత్తి చూసేదాకా నాకు మరక కనబడలేదు. చెప్పడానికి మనిషిని ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త. విని ఊరంతా చాటేవాళ్ళకు వద్దు, విని మిమ్మల్ని భయపెట్టేవాళ్ళకు వద్దు. అమ్మో, నాన్నో, నమ్మకమైన టీచరో, మిమ్మల్ని ప్రేమించే పెద్దలెవరైనా. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి. మీకు ఎవరైనా కీడు చేస్తే అది మీ మసి కాదు. దాన్ని పాపంలా ఒప్పుకోనక్కర్లేదు. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి సహాయం అడగాలి.

క్షమాపణ అడగడం గురించి కూడా. వేడిగా ఉన్న గాజు మీద తడిగుడ్డ పెడితే ఠప్పున పగులుతుంది. అవతలి మనిషి ఇంకా మండిపోతుండగా, మన మనసు తేలిక చేసుకోవాలన్న తొందరలో పరుగెత్తి "సారీ" అంటే కొన్నిసార్లు గాయం పెద్దదవుతుంది. ఆ పన్నెండు మెట్లలో తొమ్మిదోది ఇదే: నొప్పించినవాళ్ళతో నేరుగా సరిచేసుకోవాలి, వాళ్ళకు గానీ మరొకరికి గానీ హాని జరిగేట్టయితే తప్ప. వాయిదా వేయడానికి దీన్ని సాకు చేసుకోకండి. గాజు చల్లారడానికి ఎంతోసేపు పట్టదు.

ఒక సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. తాగుడు జబ్బు కూడా. ఏళ్ళ తరబడి బాగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ప్రార్థన చాలు, ఆస్పత్రి వద్దు అని ఎవరైనా అంటే, ఈ ఉద్యమం మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన డాక్టరేనని చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే అది మీ వల్ల కాదు, మాన్పించడం మీ పనీ కాదు. తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్, పిల్లల కోసం 1957లో అలటీన్ మొదలయ్యాయి. మీలాంటి పిల్లలే అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారు.

ఇంకొకరి ముందు నిజం చెప్పగానే లోపల ఆ పట్టు ఎందుకు సడలుతుందో నేను వివరించలేను. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, చూసినప్పుడల్లా ఆశ్చర్యమే. ముఖాలే మారిపోతాయి.

ఇప్పుడు మీకొక పని. లూకా సువార్త పంతొమ్మిదో అధ్యాయం తీసి జక్కయ్య కథ చదవండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య ఎప్పుడన్నాడు? యేసు ఆయన ఇంటికి వస్తానని అనకముందా, అన్న తరవాతా? వేలు పెట్టి వరసగా చదివి, మీకేం కనిపించిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య