చెడిందా, చెరిచావా?

బుజ్జీ, చిన్నూ,

మొన్న ఫోన్లో బుజ్జి అడిగిన ప్రశ్నకి నవ్వేసి ఊరుకున్నాను. "చెరపకురా చెడేవు అంటే, పలక మీద రాసింది చెరిపెయ్యకు, మార్కులు పోతాయి అనా తాతయ్యా?" అన్నావు కదా. నవ్వానని ఏమీ అనుకోకు తల్లీ. నువ్వు చాలా దగ్గరికే వచ్చావు.

చెరపడం, చెరచడం ఒకే మాటకి రెండు రూపాలు. పాతకాలంలో బండి ఱ పెట్టి రాసేవారు. ఉన్నదాన్ని లేకుండా చేయడం, బాగున్నదాన్ని పాడుచేయడం దాని అర్థం. పలక మీద అక్షరాలు చెరిపినా, పక్కవాడి బతుకు చెరిపినా క్రియ ఒకటే. సామెత చెప్పేది రెండో సంగతి: ఒకరికి కీడు చేస్తే నువ్వే పాడైపోతావు అని.

దీనికి మూలం చెడు. దానంతట అదే పాడైతే చెడడం, ఇంకెవరో పాడుచేస్తే చెరచడం. ఆగడం, ఆపడం ఉన్నాయి చూడండి, అలాగన్నమాట. చేటు కూడా ఈ ఇంటిదే. మీ బెంగళూరు స్నేహితులనడగండి, కన్నడంలో చెడుని కెడు, చేటుని కేడు అంటారు. మన చెవి వాళ్లకి కివి, మన చెయ్యి వాళ్లకి కై అయినట్టే.

ఈ రెండు మాటలూ కలిసి ఇంకో సామెతలో ఉన్నాయి. "తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచింది." వరస గమనించారా? మొదటి సామెతలో చెరిచినవాడు ఆ తరవాత చెడతాడు. ఇక్కడ ముందే చెడిన కోతి తరవాత తోటంతా చెరుస్తుంది. నన్నడిగితే రెండోదే నిజం. ఇతరులని చెరిచి హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్లని చాలామందినే చూశాను.

ఒక జాగ్రత్త. చెరచడం అనే మాటని ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ల మీద జరిగే ఒక ఘోరమైన నేరానికి వాడుతున్నారు. అందుకని స్కూల్లో వ్యాసం రాసేటప్పుడు చెడగొట్టడం, పాడుచేయడం అని రాయండి. మంచి మాట ఇలా ఇరుకైపోవడం నాకు కష్టంగానే ఉంటుంది, ఏం చేస్తాం.

మీ వయసులో నేను మా నాన్నగారి రేడియో మీట తిప్పి తిప్పి ఊడబెరికాను. సాయంత్రం అందరి ముందూ "రేడియో చెడిపోయింది" అన్నాను. దీపానికి వత్తులు చేసుకుంటున్న మా నాయనమ్మ తలెత్తకుండానే, "చెడిందా, చెరిచావా?" అంది. రెండు రోజులు ఆవిడ కంటపడకుండా తిరిగాను.

టీవీ రిమోట్ చెడిపోయిందని చిన్నూ చెప్పాడట, మీ అమ్మ అంది. నేనేమీ అడగడం లేదు.

ఆశీస్సులతో,
తాతయ్య