ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పాయ

చిన్నూ, బుజ్జీ,

"తాతా, పాయ సూపు ఫ్రిజ్‌ల పెడితే జెల్లీ లెక్క అయింది, నానమ్మ ఏమన్న కలిపిందా?" అని అడిగారు కదా. ఏమీ కలపలేదు. బుజ్జిగాడు చెయ్యి విరగ్గొట్టుకుని హనుమకొండలో కట్టు కట్టించుకున్న రోజు నుంచి ఆమెకు అదే పని, పొట్టేలు కాళ్లు తెప్పించడం, గంటలకొద్దీ మరిగించడం. ఆ జెల్లీ కాళ్లలోని తాడు.

తాడంటే గుర్తొచ్చింది. పరకాల దగ్గర మా ఊళ్లో జనుము కుంటలో నానేసి నార తీసేవాళ్లం. ఆ కంపు చేతులకు రోజుల తరబడి పోయేది కాదు. ఒకసారి సొంతంగా తలుగు పేనుదామని కూర్చున్నా. అంతా ఒకే దిక్కు తిప్పి చెయ్యి వదిలేసరికి నార నారగా విడిపోయి ఒళ్లో పడింది. మా బాపు నవ్వి, "పేట ఎడమకు తిప్పితే తాడు కుడికి తిప్పాలె బిడ్డా. ఒకటి విప్పుకుంటుంటే ఇంకోటి బిగుసుకోవాలె" అన్నాడు.

కాళ్లలోని తాడు అన్నా కదా, అది ఎముకలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్. అచ్చం అట్లాగే పేనుకుని ఉంటుంది. ఒక్కో పేట ఎడమకు మెలి, మూడూ కలిసి కుడికి మెలి. ఈ మూడు పేటల సంగతి 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రవేత్తలు చెప్పారు. మా బాపు వాళ్ల పేరు కూడా విని ఉండడు.

ఈ తాడు మందం ఒకటిన్నర నానోమీటరు, పొడవు 300 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. కొసకు కొస పెడితే ఒక్క మిల్లీమీటరులో మూడు వేలకు పైగా పడతాయి. పక్కపక్కన పడుకునేటప్పుడు ఒక్కోటి 67 నానోమీటర్లు జరిగి పడుకుంటుంది, మేస్త్రీ ఇటుకల సందులు ఒకదానిమీద ఒకటి రాకుండా పేర్చినట్టు. ఒక తాడు కొసకూ తర్వాతి తాడుకూ మధ్య చిన్న ఖాళీ. ఆ ఖాళీల్లో కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన పలుచటి బిళ్లలు పెరుగుతాయి. ఇక్కడికి నా తాడు పోలిక తెగింది. ఏ తాడులో రాయి మొలుస్తుంది చెప్పండి? ఈ వయసులో కూడా నాకది వింతే. (పంటి మీద మెరిసే పింగాణీలో ఈ తాడు లేదు, దాని కింది పొరలో ఉంది.)

మరిగిస్తే ఈ పేటలు విడిపోయి నీళ్లలోకి వస్తాయి. చల్లబడితే మళ్లీ పేనుకోబోయి, చిక్కుపడి, నీళ్లను మధ్యలో పట్టేసుకుంటాయి. అదే మీ జెల్లీ.

బుజ్జిగా, అది తాగితే తాడు నేరుగా నీ చేతిలోకి పోదు. కడుపు దాన్ని తుంచి ముక్కలు చేస్తుంది, ఒళ్లు మళ్లీ కొత్తగా పేనుకోవాలి. ఈ మాట నానమ్మతో అనకు. పేనింది గట్టిగా నిలవాలంటే సి విటమిన్ కావాలి, కాబట్టి ఉసిరికాయ చూడగానే మొహం తిప్పుకోవడం మానెయ్.

ఈ ఆదివారం కోడి కాలి ఎముక ఒకటి శుభ్రంగా కడిగి, సీసాలో వేసి మునిగేదాకా వెనిగర్ పోయండి. రెండు రోజులకోసారి వెనిగర్ మార్చండి. వారం దాటాక తీసి మెల్లగా వంచండి. ఏమైందో ఫోన్ చేసి చెప్పండి.

మీ తాత