రీఫ్ ట్యాంకు లైట్లు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో రీఫ్ ట్యాంకులు, అంటే చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులు చూసుకునే పని నాది. మెత్తటి పగడాలు ఉన్నవే చూస్తాను. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎవరు అమ్ముతామన్నా కొనకండి. నాకు వచ్చే ఫోన్లలో సగం లైట్ల గురించే.

అపోహ: "ట్యూబు బాగానే ఎలగతా ఉంది కదన్నా, మార్చేదెందుకు?"

వాస్తవం: వెలగడం వేరు, పగడానికి సరిపోవడం వేరు. ట్యూబు లోపలి పూత రోజూ కొంచెం కొంచెంగా అరుగుతుంది. వెలుతురు తగ్గడమే కాదు, పగడం లోపలే ఉండి దానికి తిండి అందించే నాచుకు కావలసిన నీలం కూడా పలచబడుతుంది. రోజూ చూసే కంటికి ఇదేమీ ఆనదు. ఒక ఇంట్లో ఏడాది దాటిన టీ5 (సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబు) పక్కనే కొత్తది వెలిగించాను. పాతది మాసిన పంచెలా కనిపించింది. "ఇన్నాళ్లూ దీనికిందేనా పెట్టింది!" అన్నాడా ఇంటాయన. రోజుకు 8-10 గంటలు వెలిగే టీ5ని 9 నుంచి 12 నెలల్లో మార్చేయాలి. మెటల్ హాలైడ్ బల్బు‌కైనా ఏడాది మించనివ్వకండి. పగడాలకు పనికొచ్చే వెలుతురెంతో చూపే పార్ మీటరుతో కొలిస్తే ఇంకా మేలు. అది లేకపోతే, బిగించిన రోజే ట్యూబు చివర మార్కర్‌తో తేదీ రాయండి. చివర్లు నల్లబడేదాకా ఆగితే ఆలస్యమే.

అపోహ: ట్యాంకులో నాచు పెరిగిందంటే బల్బు పోయినట్టే.

వాస్తవం: ముందు నీళ్లు చూడండి. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఇంట్లో తాగే ఆర్వో మిషన్లలో చాలావాటికి రుచి కోసం మామూలు నీళ్లు కొంత కలిపే ఏర్పాటు ఉంటుంది. ట్యాంకుకు ఆ నీళ్లు పనికిరావు, ఉప్పు కలపకముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సున్నాకు దగ్గరగా ఉండాలి. నాచును పెంచే నైట్రేటు, ఫాస్ఫేటు కూడా చూశాకే బల్బును అనుమానించండి.

అపోహ: ఎలాగూ మార్చాలి కదా, అన్నీ ఒకేరోజు మార్చేద్దాం.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. నాలుగు ట్యూబులూ ఒకే సాయంత్రం మార్చి వచ్చాను. వారం తిరగకముందే మష్రూమ్ పగడాలు ముడుచుకుపోయి తెల్లబడ్డాయి. మసక వెలుతురుకు అలవాటుపడ్డవాటిని నడివేసవి ఎండలో నిలబెట్టినట్టయింది. ఇప్పుడు రెండు వారాలకు ఒకటి చొప్పున మారుస్తున్నాను. అంత ఓపిక లేకపోతే లైటు పట్టీని పైకెత్తి, వెలిగే సమయాన్ని కొన్నాళ్లు సగానికి తగ్గించండి.

అపోహ: ఎల్ఈడీ అయితే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: పెట్టెమీద 50,000 గంటలని ఉంటుంది, నిజమే. కానీ మన మే నెల వేడికి లోపలి ఫ్యాను ఆగితే ఆ లెక్క చెల్లదు. ఇంకోటి, లెన్సు మీద పేరుకునే ఉప్పు. మొన్న ఒకచోట "లైటు డల్ అయింది, కొత్తది ఎంత?" అని అడిగారు. స్విచ్ ఆపి, చల్లారాక తడిగుడ్డతో తుడిచి వేశాను. "కొత్తది వేశారా అంకుల్?" అన్నాడు వాళ్ల అబ్బాయి.