గాజునాళికలో గెలిచి డర్బన్‌లో ఓడిన జెల్

నోనాక్సినాల్-9 ఒక రకం డిటర్జెంటు. సంభోగానికి ముందు యోనిలో పెట్టుకునే జెల్, నురగ, కరిగే మాత్ర ఏది తీసుకున్నా వాటిలో వీర్యకణాలను చంపే మందు చాలావరకు ఇదే. సబ్బు జిడ్డును విడదీసినట్టు వీర్యకణాన్ని చుట్టిన కొవ్వుపొరను చీల్చేస్తుంది. హెచ్‌ఐవీకీ అలాంటి పొరే ఉంటుంది కాబట్టి, గాజునాళికలో అదీ చచ్చింది. మగవాడు కండోమ్ వద్దన్నా ఆడవాళ్ల చేతిలో ఒక రక్షణ ఉంటుందని 1980ల్లో ఆశ పుట్టింది అందుకే.

గాజునాళికలో యోనిపొర ఉండదు. చిక్కంతా అక్కడే.

బెనిన్, ఐవరీ కోస్ట్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్ దేశాల సెక్స్ వర్కర్లలో కొందరికి ఈ జెల్, మిగతావారికి ఈ మందు లేని ఉత్తుత్తి జెల్ ఇచ్చి చూశారు. 2000 జూలైలో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన ఎయిడ్స్ మహాసభలో ఫలితం బయటపెడితే ఆశ తలకిందులైంది. చివరి లెక్కలో మందు వాడిన 376 మందిలో 59 మందికి, ఉత్తుత్తి జెల్ వాడిన 389 మందిలో 45 మందికి హెచ్‌ఐవీ సోకింది. రోజుకు సగటున మూడున్నర సార్లకు మించి వాడినవారికి ముప్పు దాదాపు రెట్టింపు. అంతకన్నా తక్కువ వాడినవారిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. డిటర్జెంటుకు వీర్యకణం వేరు, మన కణం వేరు అన్న విచక్షణ ఉండదు. యోని గోడలో కణాలు చాలా వరసలుగా ఉంటాయి. పైవి కొన్ని రాలినా కిందివి కాస్తాయి. గర్భాశయ ముఖద్వారం లోపలివైపు ఉన్నది ఒకే వరస. పదేపదే వాడితే అక్కడ మంట, వాపు, పుండ్లు రావచ్చు. వాపు ఉన్నచోటికి రోగనిరోధక కణాలు పరుగెత్తుకొస్తాయి, హెచ్‌ఐవీ వెతుక్కునేది సరిగ్గా ఆ కణాలనే. మలాశయం పొర ఇంకా సున్నితం: ఒక పరిశోధనలో మందు తగిలిన 15 నిమిషాలకు దాన్ని కడిగిన నీళ్లలో కణాలు పొరలుపొరలుగా ఊడి వచ్చాయి, 8 గంటలకు ఆ పొర మళ్లీ పూడింది. మలద్వార సంభోగానికి దీన్ని వాడకూడదని గట్టిగా చెప్పేది అందుకే.

తక్కువగా మాట్లాడుకునే సంగతి ఇంకొకటి. యోనిని ఆమ్లంగా ఉంచి కాపాడే లాక్టోబాసిల్లస్‌ అనే మంచి బ్యాక్టీరియాను ఈ మందు దెబ్బతీస్తుంది, మూత్రనాళాల్లో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై బ్యాక్టీరియాకు మాత్రం దీనివల్ల పెద్ద నష్టం లేదు. అందుకే మూత్రంలో మంట మాటిమాటికీ తిరగబెడుతుంటే డాక్టరుకు ఈ వాడకం సంగతి చెప్పాలి.

హెచ్‌ఐవీ భయం లేని జంట ఎప్పుడో ఒకసారి వాడితే ప్రమాదమని ఎవరూ అనడం లేదు. గర్భం ఆపడంలోనూ ఇది అంతంతమాత్రమే: ఏడాదిపాటు ఇదొక్కటే నమ్ముకున్న వందమంది ఆడవాళ్లలో మామూలు వాడకంతో సుమారు 21 మంది గర్భవతులవుతారు. హెచ్‌ఐవీ నుంచి ఇది కాపాడదని డబ్బా మీదే ముద్రించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో ఆదేశించింది. ఈ మందు పూసిన కండోమ్‌లను ప్రోత్సహించవద్దని, అయితే వేరేది దొరకనప్పుడు అసలు కండోమే లేకపోవడం కంటే అదే నయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.