కొమ్ము తాగడానికే: అసాత్రూ మీద అపోహలు - వాస్తవాలు

నేనుండేది ఐస్‌లాండ్‌లో, రేక్యావిక్‌లో. ఇక్కడి పాత దేవుళ్లను కొలిచే అసాత్రూలో చేరి ఐదేళ్లయింది. ఇంటికి ఫోన్ చేస్తే మా బావ అడిగేది ఒకటే: "ఇంకా కొమ్ముల టోపీ పెట్టలేదా?" అందరికీ కలిపి ఒక్కసారే చెప్పేస్తా.

అపోహ: వైకింగులకు, అంటే ఒకప్పుడు ఈ దేవుళ్లను కొలిచిన సముద్ర యోధులకు, కొమ్ముల టోపీలు ఉండేవి.
1876లో జర్మనీలోని బైరాయిత్‌లో వాగ్నర్ అనే సంగీతకర్త ఒపెరాకు, అంటే పాటల నాటకానికి, వేషాలు గీసినాయన తగిలించిన కొమ్ములవి. మా దగ్గరా కొమ్ముంది, తాగడానికి.

అపోహ: వెయ్యేళ్లుగా గుట్టుగా సాగుతున్న ఆచారం.
మావాళ్లలోనూ కొందరికి ఇదంటే ముచ్చట. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇక్కడి థింగ్‌వెల్లిర్ అనే చోట కూడిన సభ క్రైస్తవాన్ని ఒప్పుకుంది. తీర్పు చెప్పాల్సిన థోర్‌గేర్ పాత దేవుళ్ల భక్తుడే. ఒక పగలూ ఒక రాత్రీ కంబళి కప్పుకుని పడుకుని, లేచి, అందరికీ ఒకటే ధర్మం అన్నాడు. చాటుగా పూజించుకోవచ్చన్న వెసులుబాటూ కొన్నాళ్లకే పోయింది. మళ్లీ సంఘం పెట్టింది 1972లో, స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే గొర్రెల రైతు, కవి. మరుసటి ఏడాది సర్కారు గుర్తింపు వచ్చింది. మధ్యలో గొలుసు తెగిందన్నది నిజం. పాత కథలు మాకు దక్కిందే 13వ శతాబ్దపు క్రైస్తవులు రాసిపెట్టబట్టి!

అపోహ: జంతువుల్ని బలిస్తారు.
పూర్వం ఇచ్చేవారు, మా సంఘంలో లేదు. పూజను 'బ్లోత్' అంటాం. నా మొదటి బ్లోత్ థింగ్‌వెల్లిర్‌లోనే, జూన్‌లో. ఎండాకాలమని పేరే, చెవులు కోసే గాలి. గుండ్రంగా నిలబడ్డాం. గోది, అంటే పూజారి, ఎడ్డా, అంటే పాత దేవుళ్ల కథల పద్యాలు చదివాడు. తేనె పులియబెట్టి చేసిన మీడ్ పోసిన కొమ్ము చేతులు మారి నాదాకా వచ్చింది. ఎవరో ఒకరి పేరు తలుచుకుని తాగాలి. మా పెద్ద దేవుడు ఓడిన్ పేరు అనబోతే నోట్లోంచి మా నాయనమ్మ పేరొచ్చింది. ఎవరూ వింతగా చూడలేదు, పెద్దలను తలుచుకోవడమూ అందులో భాగమే. మిగిలింది నేల మీద వంచుతుంటే చేతికి అలవాటైన పనే అనిపించింది. బోనాలప్పుడు మైసమ్మకు సాక పోసిన చెయ్యేగా.

అపోహ: ముందు నమ్మాలి, తర్వాతే చేరాలి.
ఏం నమ్ముతావని నన్నెవరూ అడగలేదు. ఉరుముల దేవుడు థోర్ ఉన్నాడా అని మా గుంపులో అడిగితే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. నాకైతే రెండు చలికాలాలు పట్టింది. డిసెంబర్‌లో ఇక్కడ పగలు నాలుగు గంటలే. ఆ చీకట్లో చలికాలపు పండగ యోల్ మంట చుట్టూ నిలబడి పొద్దు తిరిగి రావాలని కోరుకున్న రాత్రి, అది కథలా అనిపించలేదు.

అపోహ: ఇది తెల్లవాళ్ల మతం.
థోర్ సుత్తి లాంటి మా గుర్తులను జాత్యహంకారులు వాడుకుంటున్నారు, మా సంఘం దాన్ని బాహాటంగానే ఖండించింది. అయినా కొన్ని ఊళ్లకు వెళ్తే థోర్ సుత్తి లాకెట్ చొక్కా లోపలికి తోసేస్తాను. ఆ గుర్తు చూసి నన్నేమనుకుంటారో అని.

అమ్మ అడిగేది ఇవేవీ కాదు. "మైసమ్మను వదిలేసినవా?" అంటుంది. వదల్లేదు. ఆషాఢంలో ఆమె ఫోన్‌లో బోనం చూపిస్తుంటే, నేను ఇక్కడ కిటికీ కింద గడ్డి మీద కాసిన్ని నీళ్లు పోస్తా.