టెస్టోస్టెరాన్ 278 అని రిపోర్టు వస్తే ఇంజెక్షన్ వేయించుకోవాలా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు సాగు చేసే 62 ఏళ్ల రైతు ఒకరు సంక్రాంతి వెళ్లాక రిపోర్టు పట్టుకుని వచ్చారు. "మగ హార్మోను పడిపోయిందటండి, ఇంజెక్షన్లు మొదలుపెట్టేయండి డాక్టరు గారూ" అన్నారు. టెస్టోస్టెరాన్ 278 ఉంది. పక్కనే రక్తం తీసిన సమయం చూశాను: సాయంత్రం 4:40. భోజనం చేసి వెళ్లారట. రాత్రి నిద్ర సంగతి అడిగాను. "నిద్ర ఎక్కడిదండీ, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పాలి. లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది" అన్నారు.

అపోహ: 300 కంటే తగ్గితే జబ్బే.

వాస్తవం: ఆ గీత ఎక్కడ గీయాలన్నదే తేలలేదు. అమెరికా యూరాలజిస్టుల సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాములంటుంది. అక్కడి హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 264 అంటుంది. 278 వచ్చిన మనిషి ఒకరి లెక్కలో రోగి, మరొకరి లెక్కలో కాదు. పైగా ఈ హార్మోను పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. తిన్నాక తగ్గుతుంది, నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం 10 లోపు, రెండు వేర్వేరు రోజుల్లో చూడాలి. ఆ రైతును వారం పాటు ఇంటి దగ్గర పడుకోమన్నాను. ఉదయం 8 గంటలకు తీసిన రక్తంలో 371 వచ్చింది. ఇంజెక్షన్ ఇవ్వలేదు.

పొట్ట, షుగరు ఉన్నవారిలో హార్మోనును మోసే ప్రోటీనే తగ్గి మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు స్వేచ్ఛగా ఉన్న హార్మోను ఎంతో లెక్కగట్టాలి. నిజంగానే తక్కువైతే ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ (రెండూ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు) పరీక్షలు చేస్తే లోపం వృషణాల్లోనా, పిట్యూటరీ గ్రంథిలోనా తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు, ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు, నిద్రలో ఊపిరి ఆగేంత గురక కూడా దీన్ని తగ్గిస్తాయి. ఇవి అడగకుండా సూది పట్టుకోవడం నాకు తప్పనిపిస్తుంది.

అపోహ: ఇంజెక్షన్ వేసుకుంటే నీరసం పోయి పాత ఓపిక తిరిగి వస్తుంది.

వాస్తవం: 65 దాటి, 275 లోపు ఉన్న 790 మంది పురుషులకు ఈ హార్మోను ఇచ్చి అమెరికాలో చేసిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి. కోరిక, అంగస్తంభన కొంత మెరుగయ్యాయి. ఓపికలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీరసమొక్కటే బాధైతే ముందు రక్తహీనత, థైరాయిడ్, షుగరు, దిగులు చూడండి.

అపోహ: వేసుకుంటే గుండెపోటు ఖాయం.

వాస్తవం: గుండె జబ్బో, దాని ముప్పో ఉన్న 5,200 మందికి పైగా పురుషుల్లో ఈ హార్మోను జెల్ వాడి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం ఉత్తుత్తి మందు వాడినవారికంటే ఎక్కువ రాలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించాయి. కాబట్టి హాని లేదనుకోవడమూ అపోహే.

అపోహ: బయటి నుంచి ఇస్తే సొంత హార్మోనూ పుంజుకుంటుంది.

వాస్తవం: పుంజుకోదు, తగ్గిపోతుంది. వీర్యకణాలూ పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవారికి ఇది ఇవ్వకూడదు.

రెండుసార్లూ అంకె తక్కువే వచ్చి, కోరిక తగ్గి, తెల్లవారుజామున అంగస్తంభనలు ఆగిపోయినవారికి మాత్రం వివరంగా మాట్లాడి మొదలుపెడతాను. ముందు పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన రక్త పరీక్ష) చూస్తాను. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా, 54 శాతం దాటితే ఆపుతాను. ఏడాదిలో మేలు కనిపించకపోయినా ఆపేస్తాను.